మూడు సిరాలు

అమలాపురంలో బస్సు దిగేసరికి
జేబులో ఆరొందలు,
చొక్కాకి రొయ్య మేత వాసన.
రాత్రంతా చెరువు కాపలా,
ఏరియేటర్ల హోరు ఇంకా చెవుల్లోనే ఉంది.
బుల్లెబ్బాయి గారు రెండుసార్లు అడిగితేగాని
"ఏ గ్రూపండీ?" అన్నది వినపడలేదు.

బల్ల మీద మూడు పెట్టారు.

మొదటిది లావుది. ఏడొందల యాభై.
పాతరాతియుగంలో మొదలెట్టి
ప్రతి కుండపెంకునీ పలకరిస్తేగాని ముందుకి కదలదు.
చదివితే పండితుణ్ణవుతాను,
పరీక్ష ఫిబ్రవరిలో.

రెండోది సన్నది. అన్నీ బిట్లే.
అశోకుడు నాలుగు ముక్కల్లో అయిపోతాడు,
కళింగలో ఎవరూ చచ్చిపోరు,
సరైన సమాధానం: సి.

మూడోది పాతది, నూట ఇరవై.
ఏ ఏడాది గోదారో ఇంట్లోకొచ్చి తడిపినట్టుంది,
అడుగున బెత్తెడు మేర గోధుమరంగు చార.
మౌర్యులందరూ మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడున్నారు.

మూడింట్లోనూ గౌతమీపుత్రుణ్ణి వెతికాను.
మూడు వేర్వేరు ఏళ్ళలో రాజయ్యాడు.
"ఏది నిజమండీ?"
"కీలో ఏదుంటే అదేనండి," అన్నారు
టీ మీద మీగడ చూపుడువేలితో తీసేస్తూ.

నాకు సొంతంగా ఒక పరీక్ష ఉంది.
ఏ చరిత్ర పుస్తకం పట్టుకున్నా
ముందు చివరి పేజీలకెళ్ళి
'ఆ' దగ్గర వేలు పెడతాను.
ఆదుర్రు.
మా మేనత్త ఊరు. వైనతేయ పక్కన ఇటుకల దిబ్బ.
బుద్ధుడి కాలం నాటిదని తెలీనప్పుడు
దాని మీద మేం వడియాల గుడ్డకి కాపలా ఉన్నాం.
లావుదాంట్లో ఆదిచ్చనల్లూరు ఉంది,
ఆ కిందే ఆనందుడు.
నడుమ మా దిబ్బ పట్టేంత చోటు లేదు.
సన్నదానికి సూచికే లేదు.

పాతదాంట్లోనూ లేదు.
కానీ స్తూపాల పేజీలో,
భట్టిప్రోలు, ఘంటసాల వరుస పక్కన
నీలం సిరాతో చీమల్లాంటి అక్షరాలు:
'మాది రాయలేదు.'

అట్ట తిప్పి పేరు చూశాను.
చెల్లుబోయిన మంగతాయారు, మామిడికుదురు.

పుస్తకం నిండా ఆవిడ తీర్పులే.
వస్తుంది. రాదు. రాదు. వస్తుంది.
మొదట నీలం, తర్వాత ఎరుపు, ఆఖర్న ఆకుపచ్చ.
మూడు నోటిఫికేషన్లన్నమాట.
నీలం 'రాదు' అన్నదాన్ని ఎరుపు కొట్టేసి
'వచ్చింది, పోయింది' అని రాసింది.
హరప్పా మట్టిగాజుల దగ్గర
మూడు రంగుల్లోనూ రాదు, రాదు, రాదు.
అయినా ఆ వాక్యం కింద గీత ఉంది.
స్కేలు పెట్టి గీసిన గీత.

సముద్రగుప్తుడు దక్షిణానికి దిగి
పిష్టపురం దాకా వచ్చాడు.
ఆకుపచ్చ సిరా అక్కడ ఆగిపోయింది.
తర్వాతి పేజీలన్నీ తెల్లగా, కొత్తగా.

"ఈవిడకి ఉద్యోగం వచ్చిందాండీ?"
"ఏమోనండీ.
వచ్చినోళ్ళూ మాకే అమ్ముతారు,
మానేసినోళ్ళూ మాకే అమ్ముతారు.
రేటొకటే."

వందకి అడిగాను. నూటపదికి తెగింది.
సన్నది కూడా కొన్నాను, అబద్ధమెందుకు.
పరీక్ష పరీక్షే.

రాత్రి చెరువు గట్టు మీద
ట్యూబులైటు పురుగులు
రాజవంశాల మీద రాలుతున్నాయి.
మొదటి పటంలో సింధు నాగరికత,
మొహెంజోదారోకి ఒక నల్ల చుక్క.
మన తీరం ఇప్పుడున్నట్టే గీసేశారు.
అప్పటికి నేను కూర్చున్న ఈ నేల
ఇంకా దారిలోనే ఉండాలి,
నాసిక్ కొండల్లో ఎక్కడో రాయిగా,
ఏ కాలానికీ చెందకుండా.
ఇది ఏ బిట్టులోనూ రాదు.

నా పెన్ను నలుపు.
స్తూపాల పేజీ తీసి
'మాది రాయలేదు' కింద
'అవునండి' అని రాశాను.
ఇంకేదో రాయబోతుంటే
రెండో నంబరు ఏరియేటరు ఆగింది.
రొయ్యలకి ఊపిరి అందదు.
పుస్తకం బోర్లించి లేచాను.